నిమ్మకాయల కాపలా

"కారు ఉందమ్మా. చక్రాలే లేవు," అంది భద్రమ్మ, కూర్చోమన్నా కూర్చోకుండా.

ఖమ్మంలోని ఆ ఇంటి గుమ్మానికి రెండు బోర్డులున్నాయి. పెద్దది సాంబమూర్తిది: ఎం.ఏ., చరిత్ర ఉపన్యాసకులు. దాని కింద చిన్నది ఆయన భార్య నిర్మలాదేవిది: బి.ఎస్సీ., ప్రైవేటు అపరాధ పరిశోధన. వచ్చేవాళ్లంతా చిన్న బోర్డు చూసే వస్తారు. పెద్ద బోర్డు చూసి వచ్చినవాడు ఇంతవరకు ఒక్కడే. అతను కూడా అడ్రసు తప్పి వచ్చినవాడు. ఈ సంగతికి సాంబమూర్తి ఏనాడూ చిన్నబుచ్చుకోలేదు. కాలేజీకి సెలవైతే చాలు, భార్య సంచీ, గొడుగు పట్టుకుని వెంట నడిచేవాడు. తాను చదివిన రాజుల్లో ఎవరికీ అంత మంచి ఉద్యోగం దొరకలేదని ఆయన నమ్మకం.

భద్రమ్మది జూలూరుపాడు. భర్త కొత్తగూడెం బొగ్గుబాయిలో చేసి, ఊపిరి చెడి బయటికొచ్చి, పాత అంబాసిడర్ ఒకటి కొని భద్రాచలానికి కిరాయికి తిప్పాడు. ఆయన పోయాక ఆమె కారు అమ్ముకుంటుందని ఊరంతా ఎదురుచూసింది. ఆమె వెళ్లి డ్రైవింగ్ లైసెన్సు తెచ్చుకుంది. అప్పటి నుంచి అడ్డాలో మిగతా బండ్లవాళ్లకు నిద్ర సరిగా పట్టడం లేదు.

మొదట స్టెప్నీ పోయిందట. సరేనని ఆమె చక్రాల మధ్య నుంచి గొలుసు దూర్చి తాళం వేసింది. వారం తిరక్కుండా చక్రాలు ఉన్నాయి గానీ గొలుసు పోయింది. దొంగ ఎగతాళి చేస్తున్నాడని అప్పుడు అర్థమైంది.

"ఇగ గట్ల కాదని, చక్రాలకు పసుపు రాసి కుంకుమ బొట్లు పెట్టిన. ఒక్కో చక్రం ముంగట ఒక నిమ్మకాయ పెట్టిన. ఏడికెల్లి తెచ్చినవని అడిగినోళ్లకు జవాబు చెప్పలే, నవ్వి ఊకున్న. నెల రోజులు కారు దిక్కు చూసినోడు లేడమ్మా. పిల్లలు సుత దూరం నుంచి తిరిగి పోయేటోళ్లు."

"నిజానికి ఎక్కడివి?" అంది నిర్మలాదేవి.

"ఇంటి ఓనర్ల చెట్టుయే. వాళ్ల దొడ్లనే గద కారు పెట్టేది."

నిన్న బుధవారం సంత. పొద్దున చక్రాలకు కొత్తగా తడి పసుపు రాసి, నిమ్మకాయలు మార్చి, ఇంటి ఓనరు భార్య సుబ్బరత్నంతో కలిసి సంతకు వెళ్లింది భద్రమ్మ. తిరిగి వచ్చేసరికి కారు ఇటుకల మీద కూర్చుని ఉంది.

రేపు పొద్దున అడ్డాలో బండ్ల లెక్క. శ్రీరామనవమికి ముందు ఏటా జరిగేదే. సొంత చక్రాల మీద నిలబడని బండికి ఆ ఏడాది చోటు ఉండదు. చోటు లేకపోతే కారు ఉన్నా లేనట్టే.

"ఈలోగా వేరే చక్రాలు దొరకవా?" అన్నాడు సాంబమూర్తి.

"దొరుకుతయి సారూ. మల్ల అవి సుత పోతయి. నాకు చక్రాలు కాదు కావాల్సింది, ఇప్పినోడు కావాలె."

నిర్మలాదేవి లేచి గొడుగు భర్త చేతికిచ్చింది. కేసు ఒప్పుకున్నట్టు ఆయనకు అదే గుర్తు.

జూలూరుపాడులో బస్సు దిగేసరికి ఎండ మాడ్చేస్తోంది. ఇంటి ఓనరు వెంకటప్పయ్యది విశాలమైన దొడ్డి. ఆయన తండ్రి కోస్తా నుంచి వచ్చి ఇక్కడ మిర్చి పండించి స్థిరపడ్డాడు. ఒక పక్క ట్రాక్టరు, ఒక పక్క నిమ్మచెట్టు, మధ్యలో ఇటుకల మీద కారు. నిమ్మకాయలు నాలుగూ నలగకుండా గోడవారకు జరిగి ఉన్నాయి. ఎవరో చేత్తో తీసి జాగ్రత్తగా పెట్టినట్టుంది. మడ్‌గార్డుల అంచుల మీద పసుపు చేతి ముద్రలు అలికినట్టున్నాయి.

నిర్మలాదేవి ఒక నిమ్మకాయ తీసి సంచీలో వేసుకుంది. తర్వాత కారును వదిలేసి దొడ్డి చూడసాగింది. టార్పాలిన్ కప్పిన మిరపకాయల రాశి, ఇంటి వెనక బట్టలు ఆరేసిన తీగ, వీధి వైపు ప్రహరీ మీద ఒంటరిగా ఆరుతున్న పంచె. పంచె మీద ఎర్రటి మరకలు.

"ఆ పంచె ఒక్కటే ఇక్కడెందుకు ఆరేసినట్టు?" అంది.

"జాగా చాలలేదేమో," అన్నాడు సాంబమూర్తి.

"తీగ మీద ఇంకో నాలుగు పంచెలు పడతాయండీ."

అడ్డాకు పెద్ద పిచ్చయ్య. వేపచెట్టు కింద జీపు బానెట్‌కు ఆనుకుని ఉన్నాడు. భద్రమ్మ చక్రాలు ఊడేదాకా నిద్రపోనని నలుగురిలో అన్న మాట నిజమేనా అని నిర్మలాదేవి అడిగితే దాచలేదు.

"అవ్, అన్న. ఆడది స్టీరింగు పడితే ప్యాసింజర్లు ఆమె కారే ఎక్కుతున్నరు, నెమ్మదిగ నడుపుతదని. కడుపు మండి అన్న. అన్నంత మాత్రాన ఇప్పుతనా?"

"ఆమె చోటు పోతే ఎవరికిస్తారు?"

"అడిగినోళ్లున్నరు. పేరు చెప్పొద్దన్నరు."

రుమాలు తీస్తున్నట్టు ఆమె సంచీలో చెయ్యి పెట్టింది. పసుపు కుంకుమల నిమ్మకాయ జారి దొర్లుకుంటూ వెళ్లి పిచ్చయ్య చెప్పుల దగ్గర ఆగింది. అంత మనిషీ ఒక్క గెంతులో బానెట్ ఎక్కాడు.

"అది తియ్యమ్మా. ముందు అది తియ్యి," అన్నాడు, కాళ్లు పైకి ముడుచుకుని.

పంక్చర్ షాపు లాలూ దగ్గర కూడా సంచీ అలాగే బోర్లపడింది. లాలూ బానెట్ ఎక్కలేదు, ఎక్కడానికి అతనికి బానెట్ లేదు. షాపు వదిలి రోడ్డు అవతలికి వెళ్లి, నిమ్మకాయ సంచీలోకి వెళ్లేదాకా అక్కణ్ణుంచే జవాబులు చెప్పాడు. భద్రమ్మ కారుకు పంక్చర్ వేయాలన్నా ముందు నిమ్మకాయలు ఆమే తీయాలని, లేకపోతే తాను దగ్గరికి కూడా పోనని చెప్పాడు.

సాంబమూర్తి నడుస్తూ ఆలోచించాడు. "ఇద్దరూ మరీ భయపడుతున్నారు నిర్మలా. అంత భయం నటించవచ్చు కదా?"

"లాలూ గల్లాపెట్టె తెరిచి పెట్టి మరీ పరుగెత్తాడండీ. నటించేవాడు ముందు దానికి తాళం వేసుకుంటాడు."

దొడ్డికి తిరిగి వచ్చేసరికి వెంకటప్పయ్య పొలం నుంచి వచ్చి ఉన్నాడు. అరుగు మీద కుర్చీలు వేయించి మజ్జిగ తెప్పించాడు. మజ్జిగ తెచ్చిన సుబ్బరత్నం ఒక్క మాటా మాట్లాడలేదు. గ్లాసులిచ్చి గుమ్మం పక్కన నిలబడింది.

"పిచ్చయ్య పనేనండి. సందేహం లేదు," అన్నాడు వెంకటప్పయ్య. "పాపం, భద్రమ్మ మా సొంత చెల్లెలి లాంటిది. నిన్న నేను పొలంలో ఉండబట్టి గానీ, ఇంట్లో ఉంటే ఈ ఘోరం జరగనిచ్చేవాడినా?"

"మిర్చి కప్పేశారేమండీ, ఇంత ఎండలో?" అంది నిర్మలాదేవి.

"వాన పడుతుందేమోనని అండి."

సాంబమూర్తి అప్రయత్నంగా ఆకాశం వైపు చూశాడు. చేతి రుమాలంత మబ్బు కూడా లేదు.

"పంచె మీద మరకలు?"

"మిరపకాయలే. కల్లంలో కూర్చుంటాం కదండి, అంటుకుంటాయి."

నిర్మలాదేవి మజ్జిగ తాగి లేచింది. లేవడంలో సంచీ ఒరిగింది. నిమ్మకాయ మెట్ల మీదుగా దొర్లింది. వెంకటప్పయ్య మర్యాదగా వంగి, దాన్ని తీసి, పంచెకు తుడిచి మరీ అందించాడు.

"మీ నిమ్మకాయండి."

"చాలా థాంక్సండీ," అంది నిర్మలాదేవి. ఆమె అంత మనస్ఫూర్తిగా ఎవరికైనా కృతజ్ఞత చెప్పడం సాంబమూర్తి పెళ్లయ్యాక వినలేదు.

పొద్దు వాలకముందే అందరినీ దొడ్లోకి పిలిపించింది. పిచ్చయ్య, లాలూ నిమ్మకాయలకు దూరంగా గేటు దగ్గరే నిలబడ్డారు. వెంకటప్పయ్య కుర్చీలో, సుబ్బరత్నం గుమ్మంలో, భద్రమ్మ తన కారు బానెట్ మీద చెయ్యి వేసి.

"భద్రమ్మగారు చక్రాలకు పెట్టింది తాళం కాదు, భయం," అని మొదలుపెట్టింది నిర్మలాదేవి. "నెల రోజులు అది పనిచేసింది. నిన్న మాత్రం ఒకరు నిమ్మకాయలను తీరిగ్గా చేత్తో తీసి, పక్కన పెట్టి, పని చేసుకున్నారు. కాబట్టి ఎవరికి కోపం ఉందని నేను వెతకలేదు. ఎవరికి భయం లేదని వెతికాను. పిచ్చయ్యగారు బానెట్ ఎక్కారు. లాలూ రోడ్డు దాటాడు. ఒక్కరు మాత్రం తీసి, తుడిచి, నా చేతికిచ్చారు. ఎందుకంటే అవి తన చెట్టు కాయలని ఆయనకు తెలుసు. పులుసులోకి వాడుకునే కాయకు ఎవరు భయపడతారు?"

వెంకటప్పయ్య నవ్వాడు. "భయం లేకపోవడం నేరమాండి?"

"కాదండీ. కానీ వానలేని రోజున మిర్చి కప్పడం అనుమానమే. ఏమండీ, ఆ టార్పాలిన్ కొంచెం లాగండి."

సాంబమూర్తి లాగాడు. తర్వాత కాసేపు అందరూ తుమ్మారు. తుమ్ములు తగ్గేసరికి మిరపకాయల మధ్య నుంచి ఒక టైరు పైకి కనిపించింది. లాలూ ఎండుకట్టెతో కెలికాడు. నాలుగు చక్రాలు, వాటి అడుగున స్టెప్నీ, దాని చుట్టూ చుట్టిన గొలుసు.

వెంకటప్పయ్య లేచి నిలబడ్డాడు. "నా దొడ్డి పగలంతా తెరిచే ఉంటుందండి. ఎవడో తెచ్చి నా మిర్చిలో దాచాడు. నేనే దాచానని ఎలా అంటారు?"

"మంచి ప్రశ్న," అంటూ ఆమె ప్రహరీ మీది పంచె తెచ్చింది. "ఇవి మిరప మరకలన్నారు. పసుపులో సున్నం కలిపితే ఎర్రబడుతుందని పారాణి చేసిన ప్రతి ఇల్లాలికీ తెలుసు. బట్టల సోడా కూడా అదే పని చేస్తుంది. పసుపంటిన పంచె సోడాలో పడితే మరక ఎర్రగా తేలుతుంది. పులుపు పడితే మళ్లీ పసుపవుతుంది. మిరప మరక అయితే నిమ్మరసానికి పసుపుగా మారదు."

నిమ్మకాయ కోసి ఎర్రటి మరక మీద పిండింది. అందరూ చూస్తుండగానే మరక పచ్చబడింది. రెండో మరక మీద పిండింది. అదీ అంతే.

"నిన్న పొలంలో ఉన్నానన్న మనిషి పంచెకు, నిన్న పొద్దున రాసిన తడి పసుపు. దానికి మిరపకాయలని అబద్ధం. జాకీ మీ ట్రాక్టరుదే అయ్యుంటుంది. ఎందుకు చేశారో పిచ్చయ్యగారు చెప్పాలి."

పిచ్చయ్య గేటు దగ్గర్నుంచే గొంతు సవరించుకున్నాడు. "ఈయనే అడిగిండు. తమ్ముడు జీపు కొన్నడట, చోటు ఖాళీ అయితే ఇయ్యమన్నడు. ఎట్ల ఖాళీ అయితదో నేను అడగలే."

"అడగాల్సింది," అంది నిర్మలాదేవి.

వెంకటప్పయ్య భార్య వైపు చురుగ్గా చూశాడు. ఆ చూపు నిర్మలాదేవి పట్టుకుంది.

"సుబ్బరత్నంగారూ, పంచె మీరే ఉతికారు కదా. పసుపు మరకని మీకు తెలియలేదా? బాగా జాడించి వెనక తీగ మీద ఆరేస్తే నా కంటపడేది కాదు."

సుబ్బరత్నం మొదటిసారి నోరు విప్పింది. "ఏమోనండి. ఎండ ఇటు వైపు బాగుందని వేశాను."

ఆ గోడ ఇంటి నీడలో ఉందని సాంబమూర్తి అప్పుడే గమనించాడు. చెప్పబోతే నిర్మలాదేవి ఆయన కాలు తొక్కింది.

పోలీసులకు చెప్పాలా వద్దా అన్నది భద్రమ్మ ఇష్టానికే వదిలింది. భద్రమ్మ ఎక్కువసేపు ఆలోచించలేదు. కారు డిక్కీలోంచి స్పానర్ తీసి వెంకటప్పయ్య ముందు పెట్టింది.

"నన్ను చెల్లె అన్నవు గద అన్నా. నువ్వే ఇప్పినవు, నువ్వే బిగియ్యి. అందరు చూస్తరు. లాలూ, నువ్వు చెయ్యి పెట్టకు."

మిరపఘాటు పట్టిన చక్రాలను వెంకటప్పయ్య ఒక్కొక్కటే మోసుకొచ్చి బిగించాడు. తుమ్మినప్పుడల్లా నట్టు చేతిలోంచి జారేది. భద్రమ్మ తీసి అందించేది. ప్రతిసారీ, మర్యాదగా.

మర్నాడు పొద్దున అంబాసిడర్ అడ్డాలోకి తన నాలుగు చక్రాల మీద వచ్చి, ఎప్పటి చోట ఆగింది. పిచ్చయ్య కాస్త దూరం నుంచే లెక్కపెట్టి తలూపాడు. ముందు సీట్లో సుబ్బరత్నం కూర్చుని ఉంది. భద్రాచలం వెళ్తానని మొగుడికి చెప్పిందట. అడిగిందా అంటే, అడగలేదట, చెప్పిందట.

భద్రమ్మ దిగి, కొత్తగా పసుపు రాసిన చక్రాలను ఒకసారి తడిమి చూసుకుని, పిచ్చయ్యకు వినబడేలా అంది.

"నేను చెప్పలే? మా నిమ్మకాయ ముట్టినోణ్ని ఇడిసిపెట్టదని."

సుబ్బరత్నం కొంగు విప్పింది. ఒడి నిండా తమ చెట్టు నిమ్మకాయలున్నాయి.