ఐజాక్ బెల్ వచ్చిన రాత్రి

ఉదయగిరికి రెండు మైళ్ళ ఇవతల దొర బంగళా ఉండాది. చీకటి పడినాక అక్కడ బండి ఆపిన మొగోడు ఇంతవరకూ లేడు. దొర తన దేశం పొయ్యి అయిదేళ్ళయింది, తలుపు తీసే దిక్కు లేదు. అయినా రాత్రిపూట కిటికీల్లో ఒక దీపం... గదిగదికీ తిరగతా ఉంటాది. మర్రిపాడు లారీలోళ్ళు అక్కడ హారన్ కూడా కొట్టరు. దెయ్యానికి నిద్ర చెడితే ఎవురు జవాబు చెప్పేది?

నేను చూడలేదబ్బా. ఆత్మకూరు బడిలో రోశయ్య మాస్టరు నాకు చెప్పింది, చెప్పినట్టే చెప్తుండా.

ఆయన దెయ్యాల్ని నమ్మే మనిషి కాదు. ఆయన్ని పట్టిన దెయ్యం వేరే — ఐజాక్ బెల్ అనే నల్లాయన. ఒక తెల్ల కెప్టెన్‌తో భూమికి ఉత్తరపు కొసకి, మంచు తప్ప ఇంకేమీ లేని చోటికి పొయినాడంట ఆ బెల్లు. దారి వెతికింది బెల్లు, బరువు లాగింది బెల్లు, పతకాలు మాత్రం కెప్టెన్‌కి. మాస్టరు నాయన కూడా సర్వే దొర పెట్టెలు మోసి ఉదయగిరి కొండెక్కినోడే. పైన రాతిమీద దొర పేరు ఉండాది, ఆయన పేరు లేదు. అందుకే బెల్లు మాటెత్తితే మాస్టరుకి కడుపు మండిపోతాది.

బెల్లు మీద వచ్చింది ఒకే ఒక్క పుస్తకం. మద్రాసుకి జాబుల మీద జాబులు రాసి, అదే పుస్తకం మూడు తెప్పించినాడు. ఒకటి చాలదా, మిగతా రెండూ ఊరగాయ పెట్టేదానికా అనింది పెళ్ళాం తిరుపాలమ్మ. ఇవన్నీ తర్వాతి అచ్చులే, మొదటి అచ్చులోనే బెల్లు బొమ్మ ఉండాది, ఆనక తీసేసినారు అన్నాడంట. ఆ మొహం ఒక్కసారి చూడాల. అదే ఆయన యావ.

యాభై రెండో సంవత్సరం కార్తీకంలో చర్చి గుమాస్తా ఒకాయన చెప్పినాడు — ఆ మొదటి అచ్చు దొర బీరువాలోనే ఉండాదని. తెల్లారితే బండ్లు వచ్చి, పుస్తకాలన్నీ వింజమూరుకి శెనక్కాయల పొట్లాలకి తోలకపోతాయని కూడా చెప్పినాడు.

మాస్టరు ఆఖరి బస్సు దిగేసరికి చీకటి, తుంపర, చలి. గొర్రెల కాపరి మాల్యాద్రి జాలిపడి, తన గొంగడిని మడిచి ఆయన తలమీదుగా కప్పినాడు. బంగళాకి మాత్రం వద్దన్నాడు. లోపలికి పొయినోళ్ళు తిరిగి రాలేదంట. ఎవురు పొయినారయ్యా అంటే, ఒక్క పేరూ చెప్పలేకపొయినాడు.

తలుపు తోస్తే... తెరుచుకునింది.

లోపల వాసన. పచ్చి వేపాకు వాసన... మనిషి లేని ఇంట్లో!

తడుముకుంటా బీరువా దాకా పొయినాడు. చెయ్యి పెట్టినాడు... అంతే, వెనక గదిలో వెలుతురు.

అది కదిలింది. దగ్గరికొచ్చింది. గుమ్మంలో తెల్లకోక... అడుగు చప్పుడు లేదు. మాస్టరు దేవుణ్ణి తలుచుకుందామనుకున్నాడు, నోటికి పదమూడో ఎక్కం వచ్చింది. అదీ పదమూడారుల దగ్గర ఆగిపోయింది.

లాంతరు ఆయన మొహం దాకా లేచింది.

“వచ్చినావా నాయనా... ఇన్నేళ్ళకి...”

దెయ్యం ఏడస్తా ఉండాది.

దెయ్యమూ కాదు, ఏమీ కాదు. దొరకి వంట చేసిన లిదియమ్మ. పగలు కూలికి పొయ్యి, రాత్రిళ్ళు వచ్చి, పురుగు పట్టకుండా పుస్తకం పుస్తకానికీ వేపాకు మారస్తా ఉండాది. జీతం లేదు, చెయ్యమన్నోళ్ళూ లేరు. ఆమె బీరువాలోంచి ఒక పుస్తకం తీసి మొదటి పేజీ తిప్పింది. మంచులో, తోలు తలమీదుగా కప్పుకోని, ఒక నల్ల మొహం. గొంగట్లో మాస్టరు అచ్చం అట్లే ఉన్నాడు. రోజూ ఆ బొమ్మ చూసే ముసల్ది, బొమ్మలో మనిషే తన పుస్తకం కోసం వచ్చినాడనుకునింది.

“నీది నువ్వు తీసుకోని పో. తెల్లారితే బండ్లొస్తాయి.”

నోరు మూసుకుంటే పుస్తకం ఆయనదే. చేతులు చాపినాడు కూడా. కానీ ఆమె కళ్ళనీళ్ళు చూసి సిగ్గేసింది, గొంగడి తీసేసినాడు.

“నేను కాదవ్వా... ఆత్మకూరు బడిపంతుల్ని.”

లిదియమ్మ పుస్తకం చంకలో పెట్టుకునింది. తిట్టలేదు. నీకు చదువొచ్చు గదా, ఇందులో ఏముండాదో చెప్పు, నాకెవురూ చెప్పలేదనింది. చలికి మళ్ళీ గొంగడి కప్పుకోని, మాస్టరు ఇంగ్లీషులో చదవతా తెలుగులో చెప్తా కూర్చున్నాడు. కోడికూత వేళకి ఆఖరి పేజీకి వచ్చినాడు.

“తిరిగొచ్చినాక ఒక దండేసేదానికైనా ఆయన్ని ఎవురూ పిలవలేదా?”

“లేదవ్వా.”

“అయితే మనం పిలుద్దాం.”

ముసల్ది లాంతరెత్తి కిటికీలో నిలబడింది. “ఐజాక్ బెల్లూ... ఓ ఐజాక్ బెల్లూ...” అని గొంతెత్తి పిలిచింది. పక్కనే గొంగడి మనిషీ గొంతు కలిపినాడు.

సరిగ్గా అప్పుడే గేటు దగ్గరికి వచ్చినాయి బండ్లు. ఆ కేక విని బండ్లోళ్ళు ఎట్ల తిరిగిపొయినారో ఆ ఎద్దులకే తెలియాల. మళ్ళీ ఆ పుస్తకాల జోలికి ఎవురూ రాలేదు. మాస్టరు మాత్రం శనివారం శనివారం పొయ్యి, ఆమెకి చదివి వస్తా ఉంటాడు.

బెల్లుని ఆయన దేశంలో మరిచిపొయినారేమో. దుత్తలూరు నుంచి వింజమూరు దాకా ఇప్పుడు ఆ పేరు తెలియని ఇల్లు లేదు. పిల్లకాయలు అన్నం తినకుంటే తల్లులు తలుపు వైపు చూసి, గొంతు తగ్గించి అంటారు —

“తింటావా... ఐజాక్ బెల్లుని పిలవనా?”