గొంతు ఇచ్చినావిడ

మద్దిలపాలెంలో బస్సెక్కిన హిమబిందు, సీటులో ఉన్న నడివయసు మనిషితో "కాస్త జరుగు నాయనా" అంది. అతనితో పాటు వెనక సీట్లలో నలుగురు కూడా జరిగారు. ఒక్కరూ తలెత్తి ఆమె మొహం చూడలేదు. "సరేలేమ్మా" అన్నాడతను కిటికీలోంచి బయటికి చూస్తూనే.

బస్సులో నలభై మంది ఉంటారు. ఒకాయన పగలబడి నవ్వుతున్నాడు, పక్కావిడ కళ్ళు తుడుచుకుంటోంది. అందరికీ చెవిపూసలున్నాయి. పూర్వం ఒక సినిమా విడుదలైతే ఊరంతా నెల రోజులు అదే కథ చెప్పుకునేవారు. ఇప్పుడు ఎవరి కథ వారిదే. చెవిపూస మనిషి నాడి కనిపెడుతూ, చుట్టూ వినపడే మాటల్ని కూడా కలిపి అల్లుకుంటూ, నిద్ర లేచిన దగ్గర్నుంచి పడుకునేదాకా అతనికోసమే ఒక సొంతకథ వినిపిస్తుంది. గుండె మరీ బరువెక్కితే "దుఃఖం తగ్గించు" అంటే చాలు, చచ్చిపోయినవాడు కూడా లేచి కాఫీ అడుగుతాడు.

ఆ సొంతకథలన్నిటిలోనూ అమ్మ గొంతు హిమబిందుదే.

ఆమె డబ్బింగ్ కళాకారిణి. పన్నెండేళ్ళ కిందట స్వరకోశం అనే సంస్థ ఆమె గొంతు మీద శాశ్వత హక్కులు తీసుకుంది. తొమ్మిది రోజులు బూత్‌లో నిలబడి మాటలూ, దగ్గులూ, నిట్టూర్పులూ అన్నీ ఇచ్చింది. చివరి రోజు ఇంజనీరు చాలండీ అన్నా వినలేదు. "ఏడుపు కుదర్లేదు బాబూ, ఇంకో టేక్ చేద్దాం. ఏడుపులో నాకెవరూ సాటిరారు" అని పట్టుబట్టి మరీ ఏడ్చింది. బిడ్డను ముద్దుగా పిలవమంటే, డబ్బింగ్ వాళ్ళ అలవాటు చొప్పున ఇంటిని తలుచుకుంది. అప్పటికి పదిహేనేళ్ళున్న కూతురు సంహితను కళ్ళముందుకు తెచ్చుకుని "పిచికమ్మా" అంది. మొదటి టేకే ఓకే అయింది. ఆ రోజు ఎంత మురిసిపోయిందో చెప్పలేం.

బస్సు దిగి, గొంతు పరీక్షల రిపోర్టు కోసం ఆసుపత్రికి వెళ్ళిన ఆమెను చూడగానే డాక్టర్ ఫిరోజ్ తన చెవిపూస తీసి బల్ల మీద పెట్టాడు. డాక్టరు పూస తీశాడంటే మంచి వార్త కాదని జనానికి తెలుసు.

"స్వరపేటిక మొత్తం తీసెయ్యాలండీ. రేపు ఉదయమే. ఆలస్యం చేస్తే ప్రాణానికే ముప్పు."

"మరి మాట?"

"రాదు. మీ గొంతు స్వరకోశంలో ఉందిగా, వాడుకోనిస్తారేమో అడిగి చూడండి" అన్నాడు. మంచి మనిషే. ఓదార్పనుకునే అన్నాడు. "ఇంట్లో చెప్పారా?"

"అమ్మాయి హైదరాబాదులో ఉంటుంది. రిపోర్టు తేలేదాకా కంగారు పెట్టడం ఎందుకని..."

"ఈ రోజే చెప్పండి. మాట్లాడాల్సినవన్నీ ఈ రోజే మాట్లాడెయ్యండి."

హిమబిందు వార్డులో మంచం మీద కూర్చుని ఫోను చేసింది.

"సంహితా, నేనమ్మా."

"చెప్పమ్మా." అవతల కూరలు తరుగుతున్న చప్పుడు.

"రేపు నాకు ఆపరేషన్. గొంతు తీసేస్తారట. రాత్రి రైలుకి బయల్దేరి రా. రాలేకపోతే కాసేపు నాతో మాట్లాడు తల్లీ. ఈ గొంతుతో ఇదే ఆఖరు."

తరుగుడు ఆగింది. చిన్నగా వెక్కిన చప్పుడు. తర్వాత, "అబ్బ! ఇవాళ భలే మలుపు తిప్పింది" అంది సంహిత.

"మలుపేంటే? ఇది కథ కాదు. నేను నిజంగా మీ అమ్మని!"

"ప్రతి శుక్రవారం ఇదే అంటావుగా."

హిమబిందుకు అప్పుడు తెలిసింది. ఫోను మాటలు కూడా పూస గుండానే చెవికి చేరతాయి. ఆ గొంతు ఎక్కడ పలికినా స్వరకోశం సొత్తే కనుక పూస దాన్ని తీసుకెళ్ళి కథలో కలిపేస్తుంది. వారం వారం కూతురు తనతో ఎంత మెత్తగా మాట్లాడుతోందో అని పొంగిపోయేది. ఆ మెత్తదనం తనకు ఇచ్చింది కాదన్నమాట.

ఆమె దగ్గర ఇంక ఒక్కటే మిగిలింది.

"పిచికమ్మా..."

"అదిగో, ఆ పిలుపు వింటే ఏడుపొచ్చేస్తుంది నాకు" అంది సంహిత, ముక్కు ఎగబీలుస్తూ. ఆ తర్వాత తల్లితో కానట్టు గొంతు మార్చి, "దుఃఖం తగ్గించు" అంది.

హిమబిందు భోరుమంది. పన్నెండేళ్ళ కిందట టేకుల్లో కుదరని ఏడుపు ఇప్పుడు కుదిరింది. పక్క మంచాలవాళ్ళు ఉలిక్కిపడి చూశారు.

"హమ్మయ్య!" అంది అవతల సంహిత నవ్వుతూ. "నువ్వు బాగుంటే అదే చాలమ్మా. వంకాయ మాడుతోంది, ఉంటా మరి."

"మీ పాప వస్తన్నారేటండీ?" అనడిగింది నర్సు, సెలైను సీసా మారుస్తూ. హిమబిందు తల అడ్డంగా ఊపింది. మీరైనా చెప్పండని అడగొచ్చు. తను చెబితే నమ్మనిది పరాయివాళ్ళు చెబితే నమ్ముతుందా అని అభిమానం అడ్డొచ్చింది. ఆ రాత్రంతా మంచం పక్కన కిటికీ ఊచలతో, మంచినీళ్ళ గ్లాసుతో మెల్లగా మాట్లాడుతూనే ఉంది.

ఆపరేషన్ అయ్యాక, మనిషి తోడుండాలి కనుక నర్సే ఫోను చేసింది. మర్నాడు పొద్దున్నే సంహిత పరుగెత్తుకొచ్చింది. తల్లి మెడకు కట్టిన కట్టు చూసి మంచం కోడు పట్టుకుని కూలబడింది.

"నాకెందుకు చెప్పలేదమ్మా? మొన్న బాగానే ఉన్నానన్నావు కదా!"

హిమబిందు కూతురి చెవి వైపు వేలు చూపించి, "అది తియ్యి" అంది. పెదాలు కదిలాయి గానీ మాట రాలేదు.

పూసకు పెదాలతో పనిలేదు. సంహిత గుండె బరువెంతో తెలిస్తే చాలు. సంహిత మొహం మెల్లగా తేటపడింది. "సరేమ్మా, ఏడవనులే. నువ్వింతగా చెప్పాక ఎందుకేడుస్తాను?" అంది.

హిమబిందు చెయ్యి చాచి తానే ఆ పూస లాగేసింది.

తల్లి పెదాలనే చూస్తూ ఉండిపోయింది సంహిత. అవి మళ్ళీ మళ్ళీ కదిలాయి. కూతురి కళ్ళలో బెదురు మొదలైంది.

"అమ్మా, వినపడట్లేదు." తల్లి ఇంకా నెమ్మదిగా, విడివిడిగా అంది. "వినపడట్లేదమ్మా!" సంహిత తిరనాళ్ళలో తప్పిపోయిన పిల్లలా చుట్టూ చూసి, అరచెయ్యి చాపింది. "అది ఇలా ఇవ్వమ్మా. నీ మాట వినాలి."

మిరియపు గింజంత పూస హిమబిందు చేతిలో ఉంది. విసిరికొడదామనుకుంది. కూతురి చెయ్యి అలాగే చాపి ఉంది. చెవులు కుట్టించిన కొత్తలో పోగు ఊడితే ఎలా పెట్టేదో అలాగే, తమ్మెను రెండు వేళ్ళతో పట్టుకుని, పూసను తానే తిరిగి పెట్టింది.

సంహిత కళ్ళు మూసుకుని వింది. ఊపిరి కుదుటపడింది. "నేను కూడా అమ్మా" అంది నవ్వుతూ.

తన గొంతు ఏం చెప్పిందో హిమబిందుకు తెలియలేదు.