పక్షాలు వెళ్ళాక

ఆ ఉత్తరం చదివి శ్రీవిద్య ఏడవలేదు. ఏడ్చినా బాగుండేదనిపించింది హైమవతికి. కూతురు వసారాలో, నాగాయలంక నుంచి తెచ్చుకున్న మట్టి సంచుల పక్కనే కూలబడి, కాగితం మడిచి, మళ్ళీ విప్పి, "నా సీటు ఇంకెవరికో ఇచ్చేశారమ్మా. వస్తానని ఒప్పుకుంటూ పంపిన ఫారం పదిహేనో తేదీలోగా వాళ్ళకి చేరలేదట. పద్ధెనిమిదిన చేరిందట," అంది. హైమవతి చేతిలో బియ్యం చేట అలాగే ఉండిపోయింది. ఎందుకు చేరలేదో ఈ లోకంలో ఇద్దరికే తెలుసు. ఒకరు ముందుగదిలో పడక్కుర్చీలో కూర్చుని పేపరు చదువుకుంటున్న తన భర్త. రెండోది తను.

శ్రీవిద్య యూనివర్సిటీలో పీహెచ్‌డీ చేస్తోంది. దివిసీమలో రొయ్యల చెరువులు తవ్వి వదిలేశాక ఉప్పెక్కిపోయిన పొలాల్లో మళ్ళీ వరి ఎలా పండించాలన్నది ఆ పిల్ల పరిశోధన. మూడేళ్ళుగా ఎండనక వాననక ఆ గట్లమ్మట తిరిగి, ఊరూరి మట్టీ సంచుల్లో నింపి, వాటి మీద పేర్లు రాసి, బస్సుల్లో ఒళ్ళో పెట్టుకుని బందరు తెచ్చుకుంది. వస్తున్న ఫెలోషిప్పేమో ఆ డిసెంబరుతో ఆఖరు. గైడు ప్రభావతి మేడమ్ ఎన్నో చోట్లకి దరఖాస్తులు పెట్టించగా పెట్టించగా, బెంగుళూరులో ఒక సంస్థ తన మూడు నెలల వర్క్‌షాపుకి దేశం మొత్తం మీద పన్నెండుమందిని ఎంచుకుంటే, అందులో శ్రీవిద్య ఉంది. అక్కడి యంత్రాల మీద ఈ మట్టంతా పరీక్ష చేసుకోవచ్చు. పూర్తిచేసినవాళ్ళకి ఇంకో రెండేళ్ళు ఫెలోషిప్ కూడా ఇస్తారు. అది లేకపోతే ఆ చదువు అక్కడితో సరి...

ఎంపికైనట్టు కవరు వచ్చింది అక్టోబరు అయిదో తేదీన. అదృష్టమో దురదృష్టమో, శ్రీవిద్య ఆ రోజు ఇంట్లోనే ఉంది. నిలబడ్డచోటే ఫారం మీద సంతకం పెట్టేసింది. "దార్లో పోస్టు చేసేస్తాను నాన్నగారూ," అంటే నరసింహమూర్తి గారు ఊరుకోలేదు. "దార్లో డబ్బాలో పడేసే కాగితమా ఇది? హెడ్డాఫీసులో రిజిస్టరు చేయించాలి. నువ్వు నిశ్చింతగా వెళ్ళు తల్లీ, నేను చూసుకుంటాను," అన్నారు. నలభై ఏళ్ళు గుమాస్తాగా పనిచేసి, హెడ్ క్లర్కుగా రిటైరైన మనిషి. కాగితాల సంగతి ఆయన చూసుకుంటానంటే ఆ ఇంట్లో ఇంక మాట ఉండదు. వానలు పడేలోగా మట్టి తియ్యాలని శ్రీవిద్య మధ్యాహ్నం బస్సుకే నాగాయలంక వెళ్ళిపోయింది.

మర్నాడు దీపం పెడుతూ చూసింది హైమవతి. కవరు దేవుడి మందసంలో, కుంకుమ భరిణె కింద ఉంది. ఆదివారం కదా, రేపు పంపుతారులే అనుకుంది. సోమవారమూ అక్కడే ఉంది. మంగళవారమూ ఉంది.

"ఏమండీ, అమ్మాయి కాగితం ఇంకా పంపలేదా?"

"మహాలయ పక్షాలు హైమా. పితృదేవతల రోజుల్లో పిల్ల భవిష్యత్తుకి తొలి అడుగు వేయించమంటావా? అమావాస్య వెళ్ళనీ. పాడ్యమి ఆదివారమొచ్చింది, సోమవారం పొద్దున్నే పంపిస్తాను. పదిహేనులోగా పోస్టాఫీసు ముద్ర పడితే చాలు. నాకు తెలీదూ?"

ఆయనకి తెలుసనే అనుకుంది హైమవతి. పైగా ఆయన భయం ఎక్కడిదో కూడా ఆమెకి తెలుసు. పద్ధెనిమిదేళ్ళ కుర్రాడిగా ఆయన పక్షాల్లోనే గుంటూరు వెళ్ళి బి.ఏ.లో చేరారు. ఎనిమిదో రోజున తండ్రి పోయారు. పుస్తకాలు కట్ట కట్టి అటకెక్కించి, తండ్రి కుర్చీలోనే గుమాస్తాగా కూర్చున్నారు. ఆ మాట పెళ్ళయిన కొత్తలో ఒక్కసారి చెప్పారు, మళ్ళీ ఎత్తలేదు. అలాంటి మనిషితో ఏమని వాదిస్తుంది? ముప్పై ఏళ్ళ కాపురంలో వంటింట్లో తప్ప ఇంకెక్కడా ఆమె మాట చెల్లింది లేదు... అయినా ఏదో బెంగ. ఆ కవరు తనే పట్టుకెళ్ళి పోస్టు చేసేస్తేనో అని రెండుసార్లు చెయ్యి చాపింది. రెండుసార్లూ భరిణె సర్దినట్టు సర్ది వెనక్కి తీసుకుంది.

గురువారం సాయంత్రం పక్కింటి సరోజిని గారింటికి ఫోనొచ్చింది. నాగాయలంక ఎస్.టి.డి. బూత్ నుంచి శ్రీవిద్య.

"అమ్మా, నాన్నగారు ఆ ఫారం పంపారు కదూ? ఇక్కణ్ణుంచి నేను టెలిగ్రామ్ కూడా ఇవ్వనా?"

ఒక్క మాట చాలు. లేదమ్మా, మందసంలోనే ఉంది అంటే చాలు! సరోజిని గారు పక్కనే కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ వింటున్నారు. ఇంటాయన మాట పరాయివాళ్ళ ముందు పలచన చెయ్యడానికి హైమవతికి నోరు రాలేదు. "ఆఁ... ఆయన చూసుకున్నారులేమ్మా. నువ్వు వేళకి తిను," అంది.

ఇప్పుడు వసారాలోకి వచ్చి నిలబడ్డారు నరసింహమూర్తి గారు. సంగతి విని ఆయన కంగారు పడలేదు సరికదా, నేరుగా బీరువా తెరిచి రిజిస్టరు రసీదు తెచ్చి కూతురికి చూపించారు. "పద్నాలుగో తేదీ ముద్ర. గడువుకి ఒక రోజు ముందే. మనవైపు తప్పేం లేదమ్మా, వాళ్ళమీద గట్టిగా రాద్దాం. నా సర్వీసంతా ముద్ర తేదీయే లెక్క."

శ్రీవిద్య రసీదు అందుకుంది. "పద్నాలుగా? నేను అయిదున ఇచ్చాను కదా నాన్నగారూ..." అని, మొదట వచ్చిన ఉత్తరం తీసి ఆయన చేతికిచ్చింది. పదిహేనో తేదీలోగా మా కార్యాలయానికి అందాలి అని ఇంగ్లీషులో, నల్లగా అచ్చేసి ఉంది. ఆయన కళ్ళజోడు పెట్టుకుని చదివారు. తీసి, పంచె కొసతో తుడుచుకుని మళ్ళీ చదివారు. ఎన్నో వేల కాగితాలు చదివిన మనిషి, కన్నకూతురి కాగితాన్ని అలవాటుకొద్దీ పైపైన చదివేశారు.

"పక్షాలని... పక్షాలు వెళ్ళాక పంపుదామని..." అంటూ గోడ పట్టుకుని అలాగే కూర్చుండిపోయారు.

"ఆయన్నేం అనకు విద్యా," అంది హైమవతి. "నువ్వు ఫోన్లో అడిగినరోజు కవరు మందసంలోనే ఉంది. నాకు తెలుసు. తెలిసే చెప్పలేదు."

శ్రీవిద్య తల్లి వైపు తిరిగింది. ఆ చూపులో కోపముంటే హైమవతి భరించగలిగేదే. చిన్నప్పుడు జాతరలో చెయ్యి వదిలేస్తే ఎలా చూసిందో అలా చూసింది. "టెలిగ్రామ్ ఇస్తానన్నాను కదమ్మా," అంది మెల్లగా.

ప్రభావతి మేడమ్ ఫోన్ల మీద ఫోన్లు చేశారు. పన్నెండో సీటులో అప్పటికే ఇంకెవరి పేరో ఎక్కిపోయింది. నరసింహమూర్తి గారు తప్పంతా తనదేనని మూడు ఉత్తరాలు రాశారు. జవాబు రాలేదు. జనవరిలో శ్రీవిద్యకి గుడివాడలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో లెక్చరర్ ఉద్యోగం దొరికింది. ఫెలోషిప్ లేని పీహెచ్‌డీ సంగతి మళ్ళీ చూద్దామంది. చూడడం కుదరదని ముగ్గురికీ తెలుసు.

బయల్దేరే రోజు పొద్దున్న తండ్రి వసారాలో తలదించుకుని కూర్చుని ఉన్నారు. పంచాంగం మేకుకి వేలాడుతోంది. అక్టోబరు తరవాత ఆయన దాన్ని ముట్టుకోలేదు. శ్రీవిద్య దాన్ని తీసి ఆయన చేతిలో పెట్టి, "ఏ బస్సుకి వెళ్ళమంటారు నాన్నగారూ?" అని అడిగింది. దాని మీద ఆ పిల్లకి ఏనాడూ నమ్మకం లేదు. తండ్రి కోసం అడిగింది. ఆయన ఒక పేజీ తిప్పి ఆగిపోయారు. "నీకు ఏది వీలైతే అది... ఆలస్యం చెయ్యకమ్మా," అని పంచాంగం మూసేశారు.

తన ఏడుపు ఎవరి కంటా పడకూడదని హైమవతి వసారా మూలకి వెళ్ళి, మట్టి సంచుల ముందు కూర్చుంది. నలభై మూడు సంచులు. ఒక్కోదాని మీదా కూతురి దస్తూరీలో ఒక ఊరి పేరు.

"ఇవేం చెయ్యమంటావే? పెరట్లో మొక్కలకి పోసెయ్యనా?"

సూట్‌కేసు ఎత్తుకుంటున్న శ్రీవిద్య ఆగింది. "వద్దమ్మా. ఉప్పు మట్టి. మొక్కలు చచ్చిపోతాయి," అంది.

కూతురు బస్సెక్కి వెళ్ళిపోయాక నరసింహమూర్తి గారు లేచి, బీరువాలో తన సర్వీసు కాగితాల కట్టలన్నీ తీసి కింద పెట్టి, ఆ సంచుల్ని ఒక్కొక్కటే తెచ్చి అరల్లో సర్దసాగారు. హైమవతి కొంగుతో ఒక్కో సంచీ దుమ్ము తుడిచి, పేరు చెరగకుండా చూసుకుంటూ ఆయన చేతికి అందించింది.