విప్పేసిన కుట్లు

కొండల నడుమనున్న కొచ్కోర్ ఊళ్ళో ఆ ఏడు చలి తొందరగా దిగింది. పొద్దున్నే పిడకల పొయ్యి రాజేసి, పాలు పోసిన చాయ్ పట్టుకుని నాజిగుల్ గదిలోకి వచ్చేసరికి, అత్తగారు ఊల్కన్ కిటికీ కింద పరుపు మీద అప్పటికే కొలువు తీరి ఉంది. ఒళ్ళో రంగురంగుల పేలికలు, పక్కన అట్టలా బిగుసుకున్న ఉన్నిపలకలు. పేలికలు అతికి పైగుడ్డ చేసి, లోపల ఉన్నిపలక పెట్టి, అంచంతా చేత్తో కుట్టి, రొట్టెముక్కలైనా దారపుండలైనా దాచుకునేంత చిన్న బుట్టలు చేయడం ఆమెకు కొంతకాలంగా పట్టుకున్న పని.

"అత్తమ్మా, చాయ్ చల్లారిపోతుంది."

"చల్లారనీ. ముందు నా సూది వెతుకు. ఎటో పారిపోయింది."

సూది ఆమె మోకాలికే గుచ్చుకుని ఉంది. నాజిగుల్ తీసి దారం ఎక్కించి ఇచ్చింది.

"అక్కడుందా దొంగముండ! నా మోకాలూ మొద్దుబారిపోయిందన్నమాట," అని ముసలమ్మ పళ్ళులేని నోటితో నవ్వింది.

నాజిగుల్ కూడా నవ్వింది, కానీ చూపు కుట్ల మీదే ఉంది. అత్తగారి కళ్ళకు పొర కమ్మింది. సూది ఒకచోట దిగబోయి ఇంకోచోట దిగుతోంది. ఒక కుట్టు వేలెడంత, ఒక కుట్టు నువ్వుగింజంత. ఒకప్పుడు ఊరంతా ఆమె అతుకుపనిని కళ్ళకద్దుకునేవారు.

అందుకే మధ్యాహ్నం ముసలమ్మ కునుకు తీసే వేళ నాజిగుల్ ఒక పని చేస్తూ వచ్చింది. అత్తగారు కుట్టినవి దాచే పెట్టెలోంచి బుట్ట తీసి, కొట్టుగదిలో కూర్చుని, కత్తెర మొనతో అంచంతా విప్పి మళ్ళీ తీరుగా కుట్టేది. విప్పిన దారాలు పొయ్యిలో వేసేది. ఆ బుట్టలు ఎవరికని అత్తగారు చెప్పలేదు, ఈమె అడగలేదు. వసంతంలో తన కొడుకు పెళ్ళి, వియ్యాలవారికి పెట్టడానికే అనుకుంది. వాళ్ళు బుట్ట తిరగేసి చూసి నవ్వుకుంటే అత్తమ్మ పరువేం కాను?

ఆ ఉదయం ఆడపడుచు రకియా వచ్చింది. చెప్పులు విప్పకముందే మాట విప్పే మనిషి.

"ఏమ్మా నాజిగుల్, మీగడంతా దాచేశావా, మాకేమన్నా ఉంచావా?"

"మీరొస్తారని తెలిసుంటే దాచేదాన్నే, వదినా," అంటూ నాజిగుల్ మీగడ గిన్నె ముందుపెట్టింది.

రకియా పకపకా నవ్వి, పెట్టె మీదున్న బుట్ట ఒకటి అందుకుంది. వెలుగుకేసి తిప్పి చూసింది.

"అమ్మా! నీ కళ్ళకి దిష్టి తియ్యాలే! చీమలు బారు కట్టినట్టుంది కుట్టు. నాకే ఇంత సూటిగా రాదు."

ముసలమ్మ చేతిలో సూది ఆగిపోయింది.

"ఇలా ఇవ్వు," అంది.

బొటనవేలితో అంచంతా నెమ్మదిగా తడిమింది. ఇంకోటి ఇమ్మంది. అదీ తడిమింది. మూడోది అడగలేదు.

"ఇవి నేను కుట్టినవి కావు."

నాజిగుల్ చాయ్ గిన్నె కింద పెట్టింది.

"నేనే, అత్తమ్మా. కాస్త... వదులుగా ఉన్నాయని... సరిచేశాను."

"ఎన్నింటికి?"

"అన్నింటికీ."

"సరిచేశావా!" రకియా లేచింది. "మా అమ్మ చేతిపనికి వంక పెట్టేంత దానివయ్యావా? దొంగచాటుగా—"

"నువ్వూరుకో," అంది తల్లి. "మీగడ తినడానికొచ్చావు, తిను." కోడలి వైపు తిరిగింది. ఆ కళ్ళు కోడలి మొహాన్ని దాటి ఎక్కడో ఆగాయి. "అవి దేనికనుకున్నావే?"

"వియ్యాలవారికని..."

"వియ్యాలవారికి సంతలో దొరకవా? నేను పోయిన రోజున వచ్చే ఆడవాళ్ళకి ఇద్దామని కుట్టుకున్నానే."

ఆ ఆచారం నాజిగుల్‌కీ తెలుసు. పండిపోయి రాలిన మనిషి ఇంట, వచ్చిన ఆడవాళ్ళకి తలా ఒక గుడ్డముక్క పంచుతారు. దాన్ని ఇంట్లో ఏ బొంతలోనో అతుక్కుంటే ఆ ఆయుష్షు తమ పిల్లలకూ అంటుతుందని నమ్మకం.

"ఈమధ్య అందరూ సంతలో రుమాళ్ళు కొని పంచుతున్నారు. పోయినామె వాటిని ముట్టుకుని కూడా ఉండదు. నా ఇంటికొచ్చిన వాళ్ళు నా చేతిది పట్టుకెళ్ళాలనుకున్నాను. వంకరగా వస్తోందని నా వేళ్ళకి తెలీదా? వంకరైతేనేం, అది నేనే కదా అనుకున్నాను." బుట్టను ఒళ్ళోంచి తీసి పక్కన పెట్టింది. "నువ్వు నన్ను విప్పేశావే, అమ్మాయ్."

వెళ్తూ వెళ్తూ గుమ్మంలో రకియా మెత్తబడింది. "నేనా మెప్పుకోలు మాట అనకుండా ఉంటే పోయేది," అని గొణిగి, నాజిగుల్ భుజం తట్టింది. తిట్టినంత సేపూ ఏడవని నాజిగుల్‌కి ఆ తట్టుకి కళ్ళు నిండాయి.

ఆ తర్వాత ముసలమ్మ సూది ముట్టలేదు. కోపమూ చూపలేదు. పెట్టింది తినేది, కిటికీకేసి కూర్చునేది. ఖాళీ చేతులు ఒళ్ళో ఉంటే ఆమె మరీ చిన్నదైపోయినట్టు కనిపించేది.

నాజిగుల్‌కి నిద్ర పట్టలేదు, అన్నం సయించలేదు. పరువు అత్తమ్మది అనుకుంది గానీ, నిజంగా భయపడింది తన గురించే. 'కోడలుండీ ఇలాంటివి పంచారేమిటి' అంటారని. వియ్యపురాలి ముందు మెరవాలనుకున్నది తనే. ఆ దారాలన్నీ బూడిదై పెరట్లో మంచులో కలిసిపోయాయి. ఏ కుట్టూ తిరిగి రాదు.

ఒక పొద్దున తన పెట్టె అడుగునుంచి రుమాలొకటి తీసింది. కన్నతల్లి పోయినప్పుడు సంతలో కొని పంచినది. మంచు దారి మూసేయడంతో నాజిగుల్‌కి చివరిచూపు దక్కలేదు, రుమాలే మిగిలింది. ఎన్నిసార్లు మొహానికి అదుముకున్నా సంత వాసనే తప్ప అమ్మ రాలేదు.

దాన్ని తెచ్చి అత్తగారి ఒళ్ళో పెట్టింది.

"ఇది మా అమ్మది అంటారు, అత్తమ్మా. మా అమ్మ దీన్ని ఎప్పుడూ చూడనైనా లేదు. వంకరదైనా ఆమె కుట్టు ఒక్కటి నా దగ్గరుంటే..." నాజిగుల్ ముసలమ్మ మోకాళ్ళ మీద తల పెట్టి ఏడ్చేసింది.

ముసలమ్మ ఆ రుమాలును బొటనవేలితో తడిమింది. తర్వాత కోడలి తల మీద చెయ్యి వేసి, చెదిరిన జుట్టు సవరించింది.

"లే. ఏడిస్తే దారం ఎవరెక్కిస్తారు?"

నాజిగుల్ సూదికి దారం ఎక్కించి ఇచ్చింది. ముసలమ్మ పేలికలు తడిమి ఒకటి ఎంచుకుంది. పెట్టె నిండేటన్ని బుట్టలు మళ్ళీ కాలేవని ఇద్దరికీ తెలుసు. చలికాలం వెళ్ళేలోపు ఆ కళ్ళలో మిగిలిన వెలుగు కూడా పోవచ్చు. అయినా ఉన్నిపలక కోడలు బిగించి పట్టుకుంది, అత్తగారు సూది దించింది.

కొంతదూరం కుట్టాక ముసలమ్మ ఆగింది.

"నిజం చెప్పు. ఎలా వెళ్తోంది?"

నాజిగుల్ తలగుడ్డ కొంగుతో కళ్ళు తుడుచుకుని చూసింది.

"వంకరగానే, అత్తమ్మా."

"ఎటు?"

"మీ వైపుకి."

"రానీ మరి," అంది ముసలమ్మ, దారం లాగుతూ.