ఇల్లంతా ఒకే చప్పుడు

ఉదయం ఆరు కాగానే పోలరాజు స్విచ్చి వేశాడు. ముందుగదిలోనూ, నడిగదిలోనూ, వంటింట్లోనూ, పెరటి వరండాలోనూ గోడలకు తగిలించిన నాలుగు స్పీకరు పెట్టెలు ఒక్కసారి గరగరమని, వెంటనే హిందీ వార్తలు అందుకున్నాయి. నడిగదిలో నిద్రపోతున్న ఏడు నెలల బాబు ఉలిక్కిపడి కేరుమన్నాడు. పద్మకుమారి స్టవ్ మీద పాలు అలాగే వదిలేసి పరుగెత్తింది. పిల్లాణ్ణి భుజాన వేసుకుని తిరిగి వచ్చేసరికి పాలు పొంగి స్టవ్ ఆరిపోయింది.

"అత్తా, రోజూ ఇదే వరస. నా వల్ల కాదింక," అంది. వార్తలకు పైన వినబడాలంటే అరిచినట్టే చెప్పాలి. నూకమ్మ కూడా అలాగే గొంతు పెంచి, ఆయనకు నెమ్మదిగా చెబుదాంలే అంది. నెమ్మదిగా అన్న మాట కూడా కేకపెట్టి చెప్పాల్సి వచ్చినందుకు ఇంకో రోజైతే ఇద్దరూ నవ్వుకునేవాళ్ళే. ఆ రోజు నవ్వు రాలేదు.

కద్మాలో వాళ్ళది కంపెనీ క్వార్టరు. పోలరాజు సోంపేట వైపు నుంచి జంషెడ్‌పూర్ వచ్చి ఇరవై ఎనిమిదేళ్ళయింది. ఖలాసీగా చేరి, ఇప్పుడు ఓవర్‌హెడ్ క్రేన్ నడుపుతున్నాడు. పైన క్యాబిన్‌లో కూర్చుని టన్నుల కొద్దీ ఇనుమును ఇటు నుంచి అటు చేర్చే పని. రిటైర్‌మెంటుకు ఇంకా రెండేళ్ళుంది. కొడుకు సూర్యం నది అవతల మాంగో పేటలో ఒక కాంట్రాక్టరు దగ్గర సూపర్‌వైజరు. కోడలు పద్మకుమారి బాగ్‌బేరా రైల్వే కాలనీలో పుట్టి పెరిగింది. రైళ్ళ కూతల మధ్య పెరిగిన తనకే ఈ మోత భరించరానిదిగా ఉందంటే, పసివాడి సంగతి ఏమిటని ఆమె బాధ.

ఈ పెట్టెలు ఇంట్లోకి వచ్చి మూడు నెలలయింది. క్వార్టర్ల లైనులో సగం ఇళ్ళకు టీవీలు వచ్చాక, మనమూ కొందామని ఇల్లంతా కలిసి సాక్చీ బజారుకు వెళ్ళారు. నూకమ్మకు సాయంత్రం పూట విశాఖపట్నం స్టేషను పట్టే మంచి రేడియో ఉంటే చాలు. సూర్యానికి టేప్‌డెక్కు మీద మోజు. పద్మకుమారి ఏదైనా సరే గానీ చిన్నది తీసుకుందామంది. పోలరాజు ఎవరి మాటా పట్టించుకోలేదు. షాపువాడు కలర్ టీవీలో బొమ్మ ఎంత బాగుందో చూపిస్తుంటే, ఆయన ప్రతి సెట్టు దగ్గరా ఒకటే అడిగాడు, ఇంతకంటే గట్టిగా పలుకుతుందా అని. షాపువాడు మూడోసారి నాబ్ తిప్పేసరికి పక్క షాపులవాళ్ళు బయటికొచ్చి చూశారు.

చివరికి టీవీతో పాటు పెద్ద ఆంప్లిఫయరు కొన్నాడు. జుగ్సలాయి నుంచి మెకానిక్కును పిలిపించి టీవీ, రేడియో, టేప్ మూడూ ఆ ఆంప్లిఫయరు గుండానే పలికేలా, ఆ పలికింది నాలుగు పెట్టెల్లోనూ వినబడేలా వైర్లు లాగించాడు. ఏ గదికి ఆ గది తగ్గించుకోడానికి వేరే నాబ్‌లు పెట్టనా అని మెకానిక్కు అడిగితే అక్కర్లేదన్నాడు. అన్నిటికీ కలిపి ఒకటే నాబ్, అదీ ఆయన కుర్చీ పక్కన స్టూలు మీదున్న ఆంప్లిఫయరుకే. ఇదంతా డాబు కోసమనే అందరూ అనుకున్నారు. పక్కింటి దాలమ్మ అయితే, మీ పుణ్యమా అని మా ఇంట్లోనూ రేడియో కొననక్కర్లేకపోయిందని నూకమ్మతో అంది. నూకమ్మకు ఆ మాట గుచ్చుకుంది.

పద్మకుమారి మామగారిని రెండుసార్లు అడిగింది. నడిగదిలో పెట్టె ఒక్కటీ తీయించమంది, కనీసం బాబు పడుకున్నప్పుడు తగ్గించమంది. ఇల్లన్నాక అందరూ ఒకటే వినాలన్నాడాయన. అంతకంటే కారణం చెప్పలేదు.

ఆ ఆదివారం, తండ్రి డ్యూటీలో ఉన్నప్పుడు సూర్యం నడిగది వైరుకు చిన్న స్విచ్చి పెట్టాడు. సాయంత్రం పోలరాజు మనవణ్ణి చూడ్డానికి ఆ గదిలోకి వెళ్ళి, కొత్త స్విచ్చి చూశాడు. వైరు పట్టుకుని లాగాడు. వైరుతో పాటు గోడ పెచ్చు ఊడింది, ముందుగదిలో స్టూలు ఒరిగి ఆంప్లిఫయరు కిందపడింది. ఇల్లు ఒక్కసారిగా మూగబోయింది.

"యే ఘర్ హై యా కార్‌ఖానా? ఇది ఇల్లా, ఫ్యాక్టరీయా? మేం మనుషులం కామా నాన్నా?" అన్నాడు సూర్యం.

పోలరాజు కొడుకు ముఖంలోకి చూస్తూ, "నా ఇల్లురా ఇది. ఇది నా సేతిలోనే ఉంటాది," అన్నాడు.

పద్మకుమారి ఆ రాత్రే నిర్ణయించుకుంది. బుధవారం పుట్టింటికి వెళ్ళిపోతానని, ఆ పెట్టెలు ఈ ఇంట్లో ఉన్నన్నాళ్ళు తిరిగి రానని భర్తతో చెప్పింది. సూర్యం వద్దనలేదు. ఆంప్లిఫయరును తీసుకెళ్ళి జుగ్సలాయి మెకానిక్కు దగ్గర పడేసి వచ్చాడు.

సోమ మంగళవారాలు ఇల్లు ప్రశాంతంగా ఉంది. నూకమ్మ, పద్మకుమారి మామూలు గొంతుతో మాట్లాడుకున్నారు. బాబు మధ్యాహ్నం రెండేసి గంటలు నిద్రపోయాడు. పోలరాజు మాత్రం తన ఇంట్లోనే చుట్టపుచూపుగా వచ్చినవాడిలా ఉన్నాడు. కోడలు అన్నం పెట్టమంటారా అంటే డ్యూటీ రెండింటికి అన్నాడు. మిగిలినవాటికి తల ఊపి ఊరుకున్నాడు. కోడలు వెళ్ళిపోతోందని నూకమ్మ చెబితే, మంచిదే అన్నాడు. ఆ మాట విని పద్మకుమారి వంటింట్లోకి వెళ్ళి ఏడ్చింది.

బుధవారం ఉదయం నూకమ్మ బజారుకు వెళ్ళింది. భార్యను దిగబెట్టడానికి ఆటో తేవాలని సూర్యం వీధిచివరికి వెళ్ళాడు. పెట్టె సర్దడం అయింది. బాబు మంచం మీద నిద్రపోతున్నాడు, రెండు పక్కలా దిండ్లు పెట్టి ఉన్నాయి. పొద్దున తడిపిన పిల్లాడి బట్టలు పెరట్లో మిగిలాయి. పద్మకుమారి ముందుగది గుమ్మంలో నిలబడి, బాబు లేస్తే కాస్త చూడమని మామగారితో చెప్పింది. పేపరు చదువుకుంటున్న పోలరాజు తలెత్తి, ఆమె చెయ్యి పెరటివైపు చూపించడం చూసి, సరేనని తల ఊపాడు.

కుళాయి కింద బట్టలు జాడించి, పిండి, తీగ మీద ఆరేసేసరికి పదినిమిషాలు పట్టింది. బకెట్లోకి పడుతున్న కుళాయి కట్టగానే ఏడుపు వినబడింది. అప్పుడే మొదలైన ఏడుపు కాదది, ఏడ్చి ఏడ్చి గొంతు బొంగురుపోయిన ఏడుపు.

బాబు నేల మీద బోర్లాపడి ఉన్నాడు. కనుబొమ్మ పైన చిట్లి, రక్తం చెంప మీదుగా కారి గచ్చు మీద పడింది. పద్మకుమారి వాణ్ణి ఎత్తుకుని, కొంగుతో గాయం అదిమిపట్టి ముందుగదిలోకి వచ్చింది. మధ్య తలుపు బార్లా తెరిచే ఉంది. అటు వీపు పెట్టి కూర్చున్న పోలరాజు నింపాదిగా పేపరు పేజీ తిప్పాడు.

మనిషి ఇంత పగపట్టగలడా అనుకుంది ఆమె. "మావయ్యా," అంది. ఆయన తిరగలేదు. ఇంకోసారి పిలిచింది. బాబు ఆమె భుజం మీద ఎక్కిళ్ళు పెడుతూనే ఉన్నాడు. ఆయన వేలితో పేపరులో ఒక వరస వెంబడి చదువుకుంటూ పోతున్నాడు.

పద్మకుమారి చుట్టూ తిరిగి ఆయన ఎదుటికి వచ్చి నిలబడింది. రక్తం చూడగానే పోలరాజు లేచిన వేగానికి కుర్చీ వెనక్కి పడింది. "ఎప్పుడు పడిపోనాడమ్మా? ఎలాగ పడిపోనాడు?" అన్నాడు.

"ఎంతసేపట్నుంచో ఏడుస్తున్నాడు. మీకు వినబడలేదా?"

ఆయన ఆమె పెదవులకేసి చూశాడు. ఏమిటన్నావని అడిగాడు. ఆమె అదే మాట మళ్ళీ అంది, ఈసారి నెమ్మదిగా, అప్పటికే సగం అర్థమై. పోలరాజు గోడకానుకుని నిలబడిపోయాడు.

సూర్యం ఆటోతో వచ్చేసరికి నూకమ్మ కూడా చేరింది. అదే ఆటోలో బాబును దగ్గర్లోని డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళారు. గాయం లోతుగా లేదని, కుట్లు అక్కర్లేదని డాక్టరు కట్టు కట్టి పంపాడు. ఇంటికి వచ్చాక నలుగురూ ముందుగదిలో కూర్చున్నారు. పోలరాజు ఎవరూ అడగకుండానే చెప్పడం మొదలుపెట్టాడు.

వినికిడి తగ్గడం మొదలై రెండేళ్ళు దాటిందట. మొదట సన్న గొంతులు పోయాయి, తరవాత పిట్టలు, ఆ తరవాత మనుషుల మాటలు. పేపరు చదివి, ముఖాలు చూసి నెట్టుకొస్తున్నాడు.

"ఆ పెట్టెలు మోగుతుంటే మీరందరూ గట్టిగా మాటాడతారు," అన్నాడు. "అప్పుడు మీ మాట నాకు ఇనబడతాది. ఆపేత్తే మీ నోళ్ళు కదలడమే గాని ఏటీ ఇనబడదు. అందుకే ఏ గదికీ నాబ్ పెట్టనివ్వనేదు."

మూడు నెలలుగా తాము కేకలు పెట్టుకుంటున్నామని విసుక్కున్న ప్రతి మాటా ఈయన కూడబెట్టుకున్నాడని పద్మకుమారికి అర్థమైంది. కోపం మాత్రం పూర్తిగా పోలేదు. ఒళ్ళో పిల్లాడి నుదుటి మీద కట్టు తెల్లగా కనబడుతోంది.

సూర్యానికి వేరే భయం పట్టుకుంది. క్రేన్ కింద ఇనుముకు గొలుసులు తగిలించేది ముసలయ్య. సోంపేట నుంచి తండ్రితో కలిసి వచ్చినవాడు. ఎత్తమన్నా, ఆపమన్నా ఈల ఊది చెబుతాడు.

సూర్యం తండ్రి ఎదురుగా కూర్చుని, "ముసలయ్య మావ ఈల వినబడతందా నాన్నా?" అని అడిగాడు.

పోలరాజు తల అడ్డంగా ఊపాడు. చేతుల సైగలు చూసుకుని నడిపిస్తున్నానన్నాడు. పోయిన నెల ఒకసారి పొగలో చెయ్యి కనబడలేదు. ముసలయ్య ఈల ఊదాడట, ఆయన ఆపలేదు. లోడు ఊగి ముసలయ్య భుజానికి జానెడు దూరంలో స్తంభానికి కొట్టుకుంది. బ్రేకు జారిందని చెప్పాడు. ముసలయ్య నమ్మినట్టే ఉన్నాడు.

గోడ గడియారం పన్నెండున్నర చూపిస్తోంది. రెండింటికి డ్యూటీ. పోలరాజు లేచి, ఎప్పటిలాగే టిఫిన్ డబ్బా కోసం చూశాడు. సూర్యం, నేనే వెళ్ళి ఫోర్‌మన్‌కు చెప్పేస్తానన్నాడు. చెబితే ఈ ఇంటి గడప తొక్కొద్దన్నాడు తండ్రి. మళ్ళీ అరుపులు మొదలయ్యాయి. ఈసారి ఆపడానికి ఏ నాబూ లేదు.

పద్మకుమారి బాబును అత్త చేతికిచ్చి వీధి గుమ్మానికి అడ్డంగా నిలబడింది. పెళ్ళయిన దగ్గర్నుంచి మామగారి ఎదుట అలా నిలబడింది లేదు.

"ఈవేళ మీరు క్రేన్ ఎక్కొద్దు మావయ్యా."

ఆయన పక్కకు తప్పుకోమన్నాడు. ఆమె కదలకపోయేసరికి, మెల్లగా, తనలో తను అనుకున్నట్టు చెప్పాడు. "మా అయ్యకి సెవుడు. మిల్లులో పని సేసి ఇనికిడి పోయింది. మేం పిల్లలం ఆయన ఎనకాల నిలబడి ఎక్కిరించీవోలం. పెద్దయ్యాక అదీ మానేసినాం. అరిసి సెప్పడం ఎందుకని మాటాడ్డమే మానేసినాం. ఆరేళ్ళు అరుగు మీద అలాగ కూకుండిపోనాడు. అన్నం కంచం ముందర పెట్టీసి ఎల్లిపోయీవోలం. నాకూ అదే గతి పడతాది."

"మీతో ఎవరూ మాట్లాడరేమోనని ముసలయ్య మావ ప్రాణం మీదికి తెస్తారా?" అంది పద్మకుమారి. ఆయన పెదవులు చూసి అర్థం చేసుకునేలా ఒక్కొక్క మాటే అంది. "ఇవాళ నా కొడుకుది నుదురే చిట్లింది. అక్కడ ఇనుము."

పోలరాజు గుమ్మంలోనే చతికిలబడ్డాడు. ముఖానికి రెండు చేతులూ అడ్డం పెట్టుకున్నాడు. అంతటి మనిషి భుజాలు ఎగిసెగిసి పడుతుంటే సూర్యం చూడలేక గోడవైపు తిరిగాడు.

నూకమ్మ మనవణ్ణి చంకనేసుకుని వచ్చి భర్త పక్కన కూలబడింది. ఆయన చేతులు ముఖం మీంచి తప్పించి, చెవి దగ్గర నోరు పెట్టింది. "ముప్పై ఏళ్ళుగా నీతోటి మాటాడతన్నాను. ఇంక మీద గట్టిగా మాటాడతాను. అంతే గదా. దానికి గోడలకి పెట్టెలెందుకయ్యా?"

కాసేపటికి ఆయన లేచి మొహం కడుక్కున్నాడు. టిఫిన్ డబ్బా తీసుకోలేదు. సూర్యం స్కూటరు వెనక కూర్చుని వెళ్ళాడు. గేటు దగ్గర కొడుకును ఆగిపొమ్మని, ఒక్కడే లోపలికి నడిచాడు.

తిరిగి వచ్చేసరికి సాయంత్రం అయిదయింది. ముందుగా ముసలయ్యకు చెప్పాడట, తరవాతే ఫోర్‌మన్‌కు. ముసలయ్య తిట్టలేదు. నాకు అనుమానంగానే ఉంది, నీ నోటితో నువ్వు చెబుతావని చూస్తున్నానన్నాడట. ఫోర్‌మన్ ఆ పూటే ఆయన్ని క్రేన్ మీంచి తప్పించి, డాక్టరు పరీక్షకు రాసి పంపాడు. ఇకమీదట పని టూల్‌రూమ్‌లో ఉండొచ్చు. చెవికి మిషను పెడతారంటున్నారు, ఎంతవరకు పనిచేస్తుందో చూడాలి. ఇన్నేళ్ళు ఎక్కిన నిచ్చెన కింద నిలబడి, ఇంకొకడు పైకి ఎక్కుతుంటే చూసి వచ్చానన్నాడు. ఆ తరవాత ఆ సంగతి ఎత్తలేదు.

పద్మకుమారి సర్దిన పెట్టె మంచం కింద అలాగే ఉంది. వెళ్ళాలా వద్దా అని ఆమెను ఎవరూ అడగలేదు. ఆమె కాఫీ తెచ్చి మామగారి ఎదురుగా, ఆయనకు ముఖం కనబడేలా పీట వేసుకుని కూర్చుంది. బాబు ఆమె ఒళ్ళో ఆడుకుంటూ, తాతను చూసి కాళ్ళు టపటపలాడించాడు. వాడి నోరు కదులుతోంది.

పోలరాజు వాడికేసి అలా చూస్తూ ఉండిపోయి, సిగ్గుపడుతున్నట్టు అడిగాడు. "ఆడు ఏటో అంటన్నాడు గదమ్మా. ఏటంటన్నాడు?"

ఈ ఏడు నెలల్లో ఆయన వాడి ఏడుపు విన్నాడేమో గానీ, ఈ చిన్న చప్పుడు ఒక్కసారీ వినలేదని పద్మకుమారికి అప్పుడు తట్టింది.

"ఉంగా అంటున్నాడు మావయ్యా," అంది, గొంతు పెంచి. "ఉంగా, ఉంగా అంటున్నాడు."

లేచి, బాబును ఆయన చేతుల్లో పెట్టి, వాడి తలను ఆయన మెడ మీదికి ఒరిగించింది. పిల్లాడు చొంగ కార్చుకుంటూ మళ్ళీ ఉంగా కొట్టాడు. ఆ చిన్న గుండెలో పుట్టిన అదురు తన మెడకు తగిలేసరికి పోలరాజు కళ్ళు మూసుకున్నాడు.