పాచికోరుడి చెరువులో బుసల పడవ

కుందవరం రాజ్యంలో ఆ ఏడు ఎవరూ కడుపునిండా అన్నం తినలేదు. పంటలు పండక కాదు. ముద్ద నోటి దగ్గరకు తెచ్చేసరికి చెరువు కంపు ముందుగా నోట్లోకి దూరేది. కుళ్లిన చేపలు, నానిన తోలు, నిన్న ఎవరో కక్కిన పులుసు, మూడూ కలిపి ఎండలో పెట్టినట్టుండేది ఆ కంపు.

ఒకప్పుడు అద్దంలా ఉన్న చెరువే అది. నడిమి దిబ్బ మీద పాచికోరుడనే రాక్షసుడు తిష్ఠ వేసినప్పటి నుంచి నీళ్లు చీమిడిలా సాగడం మొదలుపెట్టాయి. వాడు పళ్లు తోమడు, ఒళ్లు కడగడు, తుమ్మితే తుడుచుకోడు. ఊపిరి ఉన్న ప్రాణి ఏది చెరువు మీదకు వచ్చినా పసిగట్టి, చీమిడి తాడుతో లాగి, కప్పగా మార్చి, కాళ్లు కట్టి మెడలోని దండకు తగిలించుకునేవాడు.

రాజుగారి పడవకు రాగిరేకులు బిగించడానికి వెళ్లిన కంచరి సన్నయ్య కూడా ఆ దండలో చేరాడు. అమావాస్య పొద్దున దండ మొత్తం కరకర నమిలేస్తానని రాక్షసుడు గట్టుదాకా వినబడేలా అరిచాడు.

సన్నయ్య కూతురు పైడి ఏడవలేదు. ఏడవాలంటే గట్టిగా ఊపిరి పీల్చాలి. ఆ గాలి పీల్చబుద్ధి కాలేదు. నేరుగా నాన్న కొలిమి దగ్గరకు వెళ్లి కూర్చుంది. ఊపిరి ఉన్నది వెళ్తే కప్ప అవుతుంది. మరి ఊపిరి లేనిది వెళ్తే?

వానాకాలం వస్తే సన్నయ్య పిల్లల కోసం బుసల పడవలు చేసేవాడు. మూరెడు చెక్కపడవ మధ్యలో కొబ్బరికాయంత రాగికుండ, దాని కింద ఆముదం దీపం. నీళ్లు కాగి, ఆవిరి సన్నని గొట్టంలోకి దూరి, అందులోని కడ్డీని ముందుకీ వెనక్కీ ఆడించేది. ఆ కడ్డీ రెక్కల చక్రాన్ని తిప్పేది. కుండ నెత్తిన చిన్న రంధ్రం, దాని మీద సీసపు గుండు. ఆవిరి మరీ ఎక్కువైతే గుండు తనే లేచి బుస్సుమని వదిలేసేది.

"ఆ గుండు కదలకపోయిందో, దగ్గర నిలబడకు తల్లీ. పరుగెత్తు!" అనేవాడు సన్నయ్య.

పైడి అలాంటి పడవే చేసింది. తొందరలో కుండలో చెరువు నీళ్లే పోసి వదిలింది. పడవ నాలుగు బారలు వెళ్లిందో లేదో కుండలో నురగ పొంగింది. చీమిడి గొట్టంలోకి ఎక్కింది. చక్రం ఆగింది. గుండు చుట్టూ జిగురు పేరుకుని అంటుకుపోయింది. పైడి వెనక్కి పరుగెత్తింది. ఢామ్మంటూ కుండ పేలింది! ఒక రాగిముక్క ఎగిరి, వేడుక చూడవచ్చిన కుముదసేన మహారాజు గొడుగును చీల్చుకుపోయింది.

అత్తరు గుడ్డ ముక్కుకు అదుముకుని రాజు మండిపడ్డాడు. "ఇదా నీ పడవ? పట్టుగొడుగు చిరిగింది!"

"గొడుగు సంగతి సరే ప్రభూ. ఆ ముక్క రాతిమెట్టులో ఎంత లోతు దిగిందో చూడండి," అంది పైడి. అప్పుడే ఆమె బుర్రలో ఒక ఆలోచన మెరిసింది. పడవ దిబ్బ దాకా వెళ్లాలంటే మంచినీళ్లు కావాలి. రాజ్యంలో బావుల్లోకి కూడా ఆ చీమిడే ఊరింది. లోటా చంకన పెట్టుకుని ఆమె అడవిబాట పట్టింది.

అడవి మొదట్లో ఒక ముని ముక్కు పట్టుకుని కూర్చున్నాడు.

"స్వామీ, తపస్సా?"

"తపస్సా నా బొందా! కంపు! చెయ్యి తీస్తే చస్తాను," అన్నాడు ముని మూసిన ముక్కుతోనే. "మంచినీళ్లకేనా? ఉమ్మిచెట్లు దాటితే ఎలుగుబంటి గుహలో ఊట ఉంది. తెచ్చేటప్పుడు మాత్రం జాగ్రత్త. ఒక్క ఉమ్మి చుక్క పడిందా, లోటా నీళ్లన్నీ చీమిడే. ఇంకో మాట. ఆ రాక్షసుడి బలమంతా వాడి పాచికోరలో ఉంది. అది ఊడితే వాడు లేడు."

ఉమ్మిచెట్లంటే నిజంగానే ఉమ్మే చెట్లు. కాండాల్లో నోళ్లు, నోళ్లలో పచ్చగా కారే జిగురు. 'ఖాఁ' అని గొంతు సవరించుకుని 'థూ' అని ఉమ్మేవి. వెళ్లేటప్పుడు పైడి తలనుంచి కాలిదాకా తడిసిపోయింది. అయినా ఒక సంగతి పసిగట్టింది. ఖాఁకీ థూకీ మధ్య రెండడుగులు వేసే వ్యవధి ఉంది.

గుహ ముందు ఎలుగుబంటి పడుకుని ఉంది. దాని బొచ్చంతా జడలు కట్టింది. జడల నిండా నెత్తురు తాగి నేరేడు పళ్లంతైన పిడుదులు.

"నీళ్లు కావాలా పిల్లా? అయితే నా ఒళ్లు శుభ్రం చెయ్యి."

"ఛీ!"

"ఛీ అంటావేం?"

"ఛీయే మరి! ఏరమంటే ఏరుతా. ఛీ అనకుండా ఏరమంటే మాత్రం నా వల్ల కాదు."

ఎలుగు పకపకా నవ్వింది. "ఇంతకుముందు వచ్చినవాళ్లు ఆహా, ఏం సువాసన అని పొగిడి, నేను కళ్లు మూయగానే నీళ్లు కాజేయబోయారు. నువ్వు కానీయ్!"

పైడి ఏరింది. మధ్యలో పొద చాటుకు వెళ్లి కక్కుకుని వచ్చి మళ్లీ ఏరింది. చివరి జడ విడదీశాక ఎలుగు పక్కకు జరిగింది. పైడి ఊటనీళ్లు దోసిట్లో పట్టి తాగింది. ఏ వాసనా లేదు. అప్పుడొచ్చాయి ఆమెకు కన్నీళ్లు.

తిరుగుదారిలో ఖాఁ వినగానే పక్కకు గెంతుతూ చెట్లన్నీ దాటింది. ఆఖరి ముసలిచెట్టు మాత్రం గొంతు సవరించకుండానే ఉమ్మింది. తప్పుకునే వీలు లేదు. పైడి లోటాను వెనక్కి దాచి ముఖం ముందుకు పెట్టింది. ఉమ్మి చప్పున వచ్చి ముఖానికి అంటుకుంది. నీళ్లు దక్కాయి.

అమావాస్య పొద్దున రాక్షసుడు దండ మెడలోంచి తీయబోతుండగా కొత్త పడవ టకటకమంటూ బయలుదేరింది. మంచినీళ్ల ఆవిరి గొట్టంలో ఎక్కడా ఆగలేదు. చక్రం చీమిడిని చీలుస్తుంటే పడవ దిబ్బ చేరింది.

"ఊపిరి వాసన లేదు గానీ బుస కొడుతోందే! ఎవడ్రా నువ్వు బుడతా?" పాచికోరుడు పడవను ఎత్తి చూశాడు. "అబ్బో, వేడివేడిగా ఉంది! ముందు దీన్ని చప్పరించి, తర్వాత కప్పల పని పడతా." దీపంతో సహా నోట్లో వేసుకుని కోర పక్కన బుగ్గలో పెట్టుకున్నాడు. పైడి అనుకున్నట్టే గుండు చుట్టూ వాడి చొంగ జిగురులా పేరుకుని అంటుకుపోయింది.

గట్టు మీద పైడి కేక పెట్టింది. "అందరూ పడుకోండి!"

"ఈ బురదలోనా?" అన్నాడు రాజు పట్టుపంచె ఎత్తి పట్టుకుని.

పైడి ఆయన కాలు పట్టి లాగింది. రాజుగారు ముఖం బురదలో పెట్టి బోర్లా పడ్డారు. అదే క్షణంలో ఢామ్మని దిక్కులదిరాయి. గుమ్మడికాయంత పాచికోర ఎగిరి వచ్చి రాజు నిలబడ్డ చోట పడింది.

రాక్షసుడు లబలబలాడుతూ లేచాడు. లేవగానే వాడి కింద మూసుకుపోయిన ఊటకన్ను తెరుచుకుని నీళ్లు ఉవ్వెత్తున ఎగిశాయి. వాడు ఉప్పుగడ్డలా కరిగిపోతూ, "నా అంతట నేను రాలేదర్రా! మీ కోట మురికికాలువే నాకు దారి చూపింది!" అని అరిచి మాయమయ్యాడు. కుళ్లంతా తూము గుండా కొట్టుకుపోయింది. కప్పలు మనుషులై ఈదుకుంటూ గట్టెక్కారు.

సన్నయ్య తడిబట్టలతో వచ్చి కూతురి ముందు నిలబడ్డాడు. "గుండు కదల్లేదా తల్లీ?"

"కదల్లేదు నాన్నా. అందుకే దూరంగా నిలబడ్డా," అని పైడి ఆయన్ను వాటేసుకుంది.

"అర్ధరాజ్యం ఇస్తాను!" అన్నాడు రాజు, ముఖాన బురద తుడుచుకుంటూ. పైడి ఆయన వెనక్కి వేలు చూపించింది. కోటగోడ కింద నుంచి నల్లటి కాలువ ఇంకా చెరువులోకి కారుతూనే ఉంది.

"అర్ధరాజ్యం మీ దగ్గరే ఉండనివ్వండి ప్రభూ. ఈ చెరువు ఏలుబడి నాకివ్వండి. నా మొదటి ఆజ్ఞ, ఆ కాలువ మళ్లించడం. పార ఇదిగో."

రాజు అత్తరు గుడ్డ కోసం వెతుక్కున్నాడు. అది ఎప్పుడో బురదలో కలిసింది. పార అందుకుని తవ్వడం మొదలుపెట్టాడు.

ఆ పై వానాకాలం కుందవరం పిల్లలు గట్టున వరసగా కూర్చుని, రాగికుండల్లో చెరువు నీళ్లే ముంచి పోసి, దీపాలు వెలిగించారు. సన్నయ్య ప్రతి పడవనూ వంగి చూశాడు. అన్ని గుండ్లూ బుస్సుబుస్సుమని లేస్తున్నాయి. ఒక్కటీ అంటుకోలేదు.