ఉడుంపట్టు

"పరిగెత్తక్కా!"

ఆమె పరిగెడుతోంది.

చీకటి ఇప్పుడే పడింది. వాన వెలిసింది గాని సందంతా నీళ్లే. ఒక చెప్పు ఎక్కడో జారిపోయింది. వెనక తెల్ల వ్యాన్... దాని హెడ్‌లైట్లు గోడల మీద పాకుతూ వస్తున్నాయి.

ముందు తమ్ముడు. మలుపులో బైక్ జారి పడింది. దాన్ని అక్కడే వదిలేసి అక్క చెయ్యి పట్టుకుని లాక్కుపోతున్నాడు.

ఆమె రెండో చేతిలో భర్త ఫోన్!

ఆయన ఫోన్ల కంపెనీలో టెస్టర్. తమ్ముడు అక్కడే ఇంజనీరు. పోయిన వారం ఆయన కంపెనీ మెట్ల మీంచి పడి చనిపోయాడు. కాలు జారిందన్నారు అందరూ.

ఫోన్‌లో వీడియో ఉంది. ఆ రోజు ఆయన తీసిందే. ఇన్‌స్పెక్టర్‌కి ఫోన్ చేసి చెబితే, "ఇంట్లోనే ఉండండమ్మా, నేనే వస్తాను" అంది ఆవిడ.

తమ్ముడికీ చెప్పింది. చెప్పకుండా ఎలా ఉంటుంది?

వాడే ముందొచ్చాడు. "బావని చంపినవాళ్లు నీకోసం వస్తున్నారు! ఎక్కు బైక్!"

ఫోన్ మోగింది. ఇన్‌స్పెక్టర్!

"అమ్మా, ఎక్కడున్నారు? భయపడకండి. మీ వెనకాల వ్యాన్‌లో..."

కట్!

"హలో! హలో!"

"ఏమందక్కా?"

"వెనకాల వ్యాన్ అంది... అంతే, తెగిపోయింది."

"చూశావా? వాళ్లే! ఫోన్ జారిపోతుంది, గట్టిగా పట్టుకో!"

పట్టుకుంది. తడి దుప్పట్లు పిండి పిండి రాటుదేలిన చేతులవి. చిన్నప్పుడు ఆమె రోడ్డు దాటిస్తే వాడి మణికట్టు మీద వేళ్ల అచ్చులు సాయంత్రం దాకా ఉండేవి. "అక్కది ఉడుంపట్టు" అని ఏడిపించేవాడు.

సందు చివర లాండ్రీ. ఆమె పనిచేసే చోటు. తాళంచెవి ఆమె దగ్గరే ఉంటుంది.

లోపలికి దూరారు. తమ్ముడు గడియ పెట్టాడు.

పని ముగిసింది గాని బాయిలర్ ఇంకా హోరుమంటోంది. ఆసుపత్రి దుప్పట్లు తీగల మీద బారులు తీరి ఉన్నాయి. కిటికీ అద్దాలన్నీ ఆవిరి పట్టి తెల్లబడ్డాయి.

"అదే వాసన" అన్నాడు తమ్ముడు రొప్పుతూ.

"ఈ వాసనే నిన్ను చదివించిందిరా."

"నా కాలర్‌కి ఎంత గంజి పెట్టేదానివని! మెడ తిరిగేది కాదు. పక్కకి చూడలేక మేష్టారినే చూస్తుంటే, బుద్ధిమంతుణ్ణి అనుకునేవాడు ఆయన."

అంత భయంలోనూ ఆమెకు నవ్వొచ్చింది.

వాడు నవ్వలేదు.

"వీడియో మొత్తం చూశావా?"

"ఎక్కడ చూశాను? మీ బావ గొంతు వినగానే ఆపేస్తాను. ఎప్పుడు పెట్టినా అంతే."

వాడు గట్టిగా ఊపిరి వదిలాడు.

"ఎవరికైనా పంపావా?"

"నాకు పంపడం ఎప్పుడొచ్చిందిరా!"

మళ్లీ ఫోన్! బటన్ నొక్కి, బిగించి పట్టుకుని చెవికి ఆనించుకుంది.

"అమ్మా! మీ తమ్ము..."

కట్!

"గట్టిగా పట్టుకుని మాట్లాడక్కా!"

ఆమె ఇంకా బిగించబోయింది. తడి చెయ్యి... ఫోన్ జారి ఇస్త్రీ బల్ల మీద పడింది.

తెర మీద సిగ్నల్ గీతలు ఒక్కటొక్కటే లేచి నిలబడ్డాయి!

ఆమె అలాగే చూస్తోంది.

ఒకరోజు అన్నం ముందు కూర్చుని ఆయన ఫోన్‌ని రెండు వేళ్లతో పైకెత్తాడు. "ఏంటండీ, తేలుని పట్టుకున్నట్టు!" అంది తను.

"కింద గట్టిగా పట్టుకుంటే సిగ్నల్ పోతుందే దీనికి. మావాళ్లు రబ్బరు చేతికిచ్చి టెస్ట్ చేస్తారు. అది మెత్తగా పట్టుకుంటుంది. భయం తెలీదుగా దానికి! ఆపదలో ఉన్నవాడు ఎలా పట్టుకుంటాడో దానికేం తెలుసు?"

"మరి చెప్పలేదా ఎవరికీ?"

"మీ తమ్ముడికి చెప్పాను. సరిగ్గా ఉందని సంతకం పెట్టింది వాడేగా."

తమ్ముడికి తెలుసు!

తెలిసే అన్నాడు... గట్టిగా పట్టుకో అని!

ఫోన్ మోగింది. ఆమె ఎత్తలేదు. బల్ల మీదే ఉంచి స్పీకర్ నొక్కింది.

"అమ్మా, వ్యాన్‌లో ఉన్నది మేమే! బయటే ఉన్నాం! మీ తమ్ముడి నుంచి దూరంగా జరగండి. కంపెనీ గార్డు దగ్గర్నుంచి తుపాకీ ఎత్తుకొచ్చాడతను!"

ఆమె తలెత్తింది.

తుపాకీ అప్పటికే వాడి చేతిలో ఉంది!

"ఫోన్ ఇచ్చెయ్యక్కా."

ఆమె ఫోన్ తీసింది. రెండు వేళ్లతో... ఆయన పట్టుకున్నట్టే. లైన్ తెగలేదు.

"మీ బావని నువ్వేనా?"

"తోయాలని తోయలేదక్కా! నా సంతకం తప్పని వీడియో తీస్తుంటే ఫోన్ లాక్కోబోయాను... పడిపోతాడనుకోలేదు! పడ్డాక కూడా వదల్లేదు దాన్ని. కింద జనం చేరిపోయారు..."

"శవం పక్కన నా భుజం మీద తలపెట్టి ఏడ్చావు కదరా."

"నిజంగానే ఏడ్చాను!"

ఫోన్‌లోంచి ఆవిడ గొంతు. "అద్దంలో నీడలే కనిపిస్తున్నాయి. తుపాకీ అతని చేతిలో ఉందా? చెప్పండమ్మా!"

"ఉంది" అంది ఆమె.

ఎంత తేలిగ్గా అనేసింది!

వాడి పెదవి వణికింది. అమ్మ పోయిన రోజూ ఇలాగే వణికింది. అప్పటికి పాలపళ్లైనా ఊడలేదు వాడికి. ఆ రోజు నుంచీ ఈ చేతులే ముద్దలు పెట్టాయి.

"కాల్చరా. నేనూ పోతే నీకు అడ్డెవరూ ఉండరు."

"అక్కా..."

"కాల్చు!"

వాడు తుపాకీ వంక చూశాడు. అదేదో తనది కానట్టు చూశాడు. పక్కనున్న నీళ్లతొట్టిలోకి విసిరేశాడు!

"నావల్ల కాదక్కా... నావల్ల కాదు..."

రెండు చేతులూ చాచి ఆమె మీదికి వస్తున్నాడు. చిన్నప్పుడు నిద్రలో ఉలిక్కిపడి లేచి వచ్చినట్టు.

అద్దం మీద వాడి నీడ. చేతులు ముందుకు చాచిన నీడ!

బయటివాళ్లకి కనిపించేది అదే!

"కాల్చకండి!" ఫోన్‌లోకి అరిచింది. "పారేశాడు! చేతులు ఖాళీ! కాల్చకండి!"

జవాబు లేదు. బాయిలర్ హోరు ఒక్కటే.

"మేడమ్! వినబడుతోందా! కాల్చకండి!"

ఢాం!

అద్దం భళ్లున పగిలింది. వాడు దుప్పటి పట్టుకున్నాడు. అది తీగతో సహా ఊడి వాడి మీద పడింది. తెల్లగా... ఒక్క క్షణం తెల్లగా...

ఆమె తన చేతివంక చూసుకుంది.

రెండు వేళ్లు కాదు. అయిదు వేళ్లూ! గోళ్లు పాలిపోయేలా, ఫోన్ చుట్టూ ఉడుంపట్టు!

తెర మీద ఒక్క గీత లేదు.

వేళ్లు వాటంతటవే వదులయ్యాయి. ఫోన్ జారి గాజుపెంకుల మధ్య పడింది. గీతలు లేచి నిలబడ్డాయి. అది మోగింది. దానంతటదే ఆగి, మళ్లీ మోగింది.

ఆమె కూలబడి, ఒక్క వేలితో స్పీకర్ నొక్కింది.

"అమ్మా, మీకేం కాలేదు కదా? ఇందాక ఏదో అంటున్నారు... మధ్యలో తెగిపోయింది. చెప్పండి, ఇప్పుడు బాగా వినబడుతోంది."